పాడుబడ్డ గ్రహం మీద ఇంకా పనిచేస్తున్నదేమిటి?

ప్రశ్న క్లుప్తంగా: మాది ప్రొద్దుటూరు. తెలుగులో సైన్స్ ఫిక్షన్ నవల రాస్తున్నాను. ఆరుగురు సిబ్బంది ఉన్న నక్షత్రనౌక ఒక పాడుబడ్డ గ్రహం చుట్టూ కక్ష్యలోకి వస్తుంది. నగరాలన్నీ శిథిలం, ప్రాణి అన్నది లేదు. మూడో అధ్యాయంలో ఆ గ్రహం మీంచి నల్లమబ్బు లాంటి జీవి ఒకటి లేచి నౌక మీదికి వస్తుంది. చదివినవాళ్ళంతా నమ్మబుద్ధి కావడం లేదంటున్నారు. ముప్పు ఎలా ఉంటే నమ్ముతారు? సిబ్బంది ఏం చేయాలి? వాళ్ళందరిదీ మన సీమే, మన యాసలో మాట్లాడించవచ్చా?

సమాధానం:

మీరు పెట్టిన మూడు అధ్యాయాలూ చదివాను. భాష బాగుంది, మనుషులు ఒకరితో ఒకరు కలిసిపోకుండా కనిపిస్తున్నారు, ముఖ్యంగా ఆ జమ్మలమడుగు డాక్టరమ్మ. నేను అనంతపురంలో చాలా ఏళ్ళు కాలేజీలో జియాలజీ చెప్పాను. పిల్లల్ని వెంటబెట్టుకుని కడప, కర్నూలు కొండలు తిరిగాను. రిటైరయ్యాక మీలాంటివాళ్ళ రాతప్రతులు చూసిపెడుతున్నాను. అందుకని రాళ్ళవైపు నుంచే మాట్లాడతాను. కథనం, శిల్పం గురించి చెప్పడానికి నాకంటే తెలిసినవాళ్ళు ఉన్నారు.

మూడు అధ్యాయాలూ వెదికినా ఆ గ్రహం ఎట్లా పాడైందో ఒక్క వాక్యం కనబడలేదు. "ఎప్పుడో ఏదో మహావిపత్తు జరిగింది" అని సరిపెట్టారు. చిక్కంతా అక్కడే ఉంది. విపత్తు ఏదో మీకే తెలియనప్పుడు దాని తాలూకు ముప్పు ఎక్కణ్ణుంచి పుడుతుంది? అందుకే బయటినుంచి మబ్బును తెచ్చి పెట్టాల్సి వచ్చింది. చదివేవాడికి అది అతుకని ఇట్టే తెలిసిపోతుంది.

నేను అందరికీ చెప్పే మాట ఒకటి ఉంది. పాడుబడిన చోట మనిషికి ప్రమాదం అక్కడ ఇంకా పనిచేస్తున్న దానివల్లే వస్తుంది. మా జిల్లాలో బోర్లు వచ్చాక వట్టిపోయిన బావులు ఏ ఊరికి పోయినా కనిపిస్తాయి. నీళ్ళు లేవు, మోట లేదు, రాతి మెట్లు సగం ఊడిపోయి ఉంటాయి. పడిపోయిన మేకపిల్లను తీయడానికో, మునిగిన పాత మోటారు విప్పుకోవడానికో ఒకడు దిగుతాడు. అడుగున కుళ్ళిన ఆకు, చెత్త తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ఆక్సిజన్ తినేస్తుంది, గాలికంటే బరువైన కార్బన్ డయాక్సైడ్ అడుగున నిలబడుతుంది. దిగినవాడు కూలబడతాడు. వాణ్ణి లాగడానికి రెండోవాడు దిగుతాడు. చాలాసార్లు పోయేది ఇద్దరూ, ముగ్గురూ. అందుకే పాతకాలం రైతులు ముందు లాంతరు వెలిగించి తాడుతో దించి చూసేవాళ్ళు. ఆక్సిజన్ 21 శాతం నుంచి 16 శాతం దగ్గరికి పడితే మంట ఆరిపోతుంది. లాంతరు ఆరిందంటే మేకపిల్ల మీద ఆశ వదులుకోవాల్సిందే. (విషవాయువులన్నిటినీ లాంతరు పట్టలేదు. మండే వాయువుంటే అదే కొంప ముంచుతుంది. ఇది కథ కోసం చెబుతున్నాను, ఎవరూ ఈ ధైర్యంతో బావిలో దిగొద్దు.)

మీ గ్రహాన్ని కూడా ఇట్లాగే అడగండి. ఊరు పోయింది, వాళ్ళు పోయారు, ఇంకా ఏం నడుస్తోంది? ఇంకో సంగతి, ఆ బావి ప్రమాదంలో అసలు కథ రెండోవాడిది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు గ్రహం ఎట్లా పోయిందో తేల్చుకోండి. శుక్రగ్రహం లాంటి చావు ఒకటుంది. గాలి ఒత్తిడి మనకంటే 90 రెట్లు దాటి, నేల మీద వేడి 460 డిగ్రీల దాకా ఉంటుంది. సోవియట్‌వాళ్ళ వెనెరా-13 అక్కడ 1982 మార్చి 1న దిగింది. 32 నిమిషాలు పనిచేస్తే చాలనుకుని తయారుచేస్తే 127 నిమిషాలు పనిచేసింది. అదే పెద్ద గొప్ప. అట్లాంటి చోట మీ సిబ్బంది దిగనూ లేరు, మబ్బుల చాటున శిథిలాలు చూడనూ లేరు. కాబట్టి దాన్ని వదిలేయండి. నక్షత్రం చేతిలో చావడం ఇంకొకటి. ఇది కల్పన కూడా కాదు. 2012లో కెప్లర్ టెలిస్కోపు లెక్కల్లో KIC 12557548 అనే నక్షత్రం పక్కనే, 16 గంటలకంటే తక్కువలో చుట్టు తిరుగుతూ ఆవిరైపోతున్న రాతిగ్రహం ఒకటి తేలింది. వెనక ధూళి తోక ఉంది. 2015లో WD 1145+017 అనే చచ్చిన నక్షత్రం చుట్టూ ముక్కలైపోతున్న చిన్న గ్రహం ఆనవాళ్ళు దొరికాయి. చూడ్డానికి బ్రహ్మాండం. కానీ అక్కడ ఊళ్ళుండవు, మీకు ఊళ్ళు కావాలి.

మిగిలింది మార్స్ దారి. అయస్కాంత క్షేత్రం పోయి, సూర్యుడి నుంచి వచ్చే కణాల గాలి పై వాతావరణాన్ని కోట్ల ఏళ్ళు గీకి తీసుకుపోయింది. ఇప్పటికీ కొద్దికొద్దిగా పోతూనే ఉందని 2014లో అక్కడికి చేరిన నాసా వ్యోమనౌక మావెన్ కొలిచింది. ఇప్పుడక్కడ గాలి ఒత్తిడి మన దాంట్లో నూరోవంతు కూడా లేదు. మీ గ్రహానికి ఇది బాగా సరిపోతుంది. అయితే ఒక మెలిక ఉంది. గాలి పోవడానికి కోట్ల ఏళ్ళు పడుతుంది, ఊళ్ళు పోవడానికి ఒక తరం చాలు. రెండూ ఒకేసారి జరిగాయంటే ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి మీ గ్రహవాసులు మొదటినుంచీ పలచని గాలి కింద, నేలలోపల మూత వేసుకున్న ఊళ్ళలో బతికినవాళ్ళు కావాలి. ఆ తర్వాత ఏ రోగమో, కొట్లాటో, నీళ్ళు అయిపోవడమో, వాళ్ళను తీసుకుపోయింది. దాని గురించి రెండు పేరాలు చాలు. నేలలోపలి ఊరు ఎట్లా ఉంటుందో తెలియాలంటే కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలకు ఒకసారి పోయి రండి. 3,229 మీటర్ల సొరంగాలు, నీళ్ళు సున్నపురాయిని తిని చేసినవి. లోపల గాలి అందడానికి పైపులు పెట్టారు. ఆ పైపు దగ్గర నిలబడండి, తర్వాత నాలుగడుగులు పక్కకు పోయి నిలబడండి. చొక్కా వీపుకు అతుక్కునే తేడా ఉంటుంది. మీ నగరంలో మొదట ఆగిపోయింది ఆ గాలి పైపే అనుకుంటే సగం అధ్యాయం దానంతటదే వస్తుంది.

ఇక ఎన్నేళ్ళ కిందట అన్న సంగతి. ఒక పేజీలో "పదివేల ఏళ్ళ నాటి నగరం" అన్నారు, మూడు పేజీల తర్వాత అదే నగరం "రేడియేషన్‌తో ఇంకా మెరుస్తోంది". రెండూ కుదరవు. అణుయుద్ధం తర్వాత మనుషుల్ని ఎక్కువగా వేధించే సీసియం-137, స్ట్రాన్షియం-90ల అర్ధాయువు (ఉన్నదాంట్లో సగం తరిగిపోవడానికి పట్టే కాలం) దాదాపు 30 ఏళ్ళు. పది అర్ధాయువులు గడిస్తే వెయ్యోవంతు మిగులుతుంది. అంటే 300 ఏళ్ళకు వాటి పని దాదాపు అయిపోతుంది. ప్లుటోనియం-239 మాత్రం 24,000 ఏళ్ళకు సగమవుతుంది. అది పదివేల ఏళ్ళ తర్వాతా ఉంటుంది, కానీ మెరవదు. దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. యురేనియం-238 సంగతి చెప్పనే అక్కరలేదు, 447 కోట్ల ఏళ్ళు. పులివెందుల పక్కన తుమ్మలపల్లె గనిలో దొరికేది వేంపల్లె సున్నపురాళ్ళలో దాదాపు 190 కోట్ల ఏళ్ళుగా కూర్చున్నదే. ఆ ముక్కను చేతిలో పెట్టి చూపిస్తే మా పిల్లలు "ఇదేనా సార్?" అని మొహం ముడుచుకునేవాళ్ళు. మామూలు బూడిదరంగు రాయి. సినిమా వాళ్ళ పచ్చవెలుతురు దాంట్లో ఎక్కడా లేదు.

యంత్రాలకూ వయసు లెక్క ఉంది. నాసా వాయేజర్ నౌకలు 1977లో బయల్దేరాయి. వాటిలో ప్లుటోనియం-238 బ్యాటరీకి అర్ధాయువు 88 ఏళ్ళు. ఇప్పటికే కరెంటు చాలక ఒక్కో పరికరం ఆపుకుంటూ వస్తున్నారు. పదివేల ఏళ్ళు నిద్రపోయి, మనవాళ్ళు రాగానే లేచి కాల్పులు జరిపే కోట అంటే కష్టం. పవర్ అక్కర్లేనివైతే ఎక్కువ కాలం ఉంటాయి. మొదటి ప్రపంచయుద్ధంలో పేలకుండా భూమిలో దిగిన గుండ్లు ఫ్రాన్స్, బెల్జియం రైతులకు నాగలి కింద నూరేళ్ళ తర్వాతా తగులుతున్నాయి, పేలుతున్నాయి కూడా. అందుకని నా సలహా, మీ గ్రహం పాడై 200, 300 ఏళ్ళే అయిందని పెట్టండి. వేలల్లో చెబితే గొప్పగా ఉంటుందనుకుంటారు గానీ, మూడువందల ఏళ్ళే ఎక్కువ భయం. తాతల కాలం వస్తువు ఇంకా తిరుగుతోందంటే గుండె ఝల్లుమంటుంది.

ఇప్పుడు ముప్పు. నేనైతే ఇట్లా చేస్తాను, నచ్చితే తీసుకోండి.

గాలి పలచగా ఉన్న చిన్న గ్రహం మీద ఖనిజాన్ని రాకెట్టుతో పైకి పంపడం దండగ. పొడుగాటి పట్టా వేసి, విద్యుదయస్కాంతాలతో బకెట్టును తోసి విసిరేయవచ్చు. మాస్ డ్రైవర్ అంటారు. చంద్రుడి మీద ఇట్లా చేయవచ్చని అమెరికా భౌతికశాస్త్రవేత్త జెరార్డ్ ఓనీల్ 1970లలో గట్టిగా వాదించి, చిన్న నమూనా కూడా కట్టించాడు. మీ గ్రహవాసులు అట్లాంటిది కట్టుకున్నారు. గని తవ్వే యంత్రాలు, పట్టా, దానికి భూగర్భ వేడితో నడిచే పవర్‌హౌస్. పైన కక్ష్యలో ఆ ఖనిజపు ముద్దల్ని పట్టుకునే యంత్రం ఒకటి ఉండేది. వాళ్ళు పోయారు, పట్టుకునేది చెడిపోయింది. విసిరేది మాత్రం విసురుతూనే ఉంది. ఎవరి మీదా పగ లేదు, దానికి మీ నౌక ఉన్నట్టు కూడా తెలియదు. షిఫ్టు ప్రకారం లోడు పంపిస్తోంది, అంతే.

ఇందులో మీకు వచ్చే లాభం చూడండి. ఒక ముద్దను మార్స్ అంత గ్రహం భూమధ్యరేఖ మీది గని నుంచి సెకనుకు 4 కిలోమీటర్ల వేగంతో, నేలకు దాదాపు సమాంతరంగా తూర్పుకు విసిరారనుకోండి. అది 2,500 కిలోమీటర్ల ఎత్తు దాకా పోయి, రెండున్నర గంటలు దాటాక బయల్దేరిన ఎత్తుకే వస్తుంది. పైన ఇంకో తోపు తోసేవాళ్ళు లేరు కాబట్టి కక్ష్యలో నిలవదు, నేలను కొట్టి తీరుతుంది. అయితే ఈలోగా గ్రహం తనచుట్టూ తాను తిరిగి ఉంటుంది. కాబట్టి పడేది గనికి పడమటగా, వేల కిలోమీటర్ల దూరంలో. అదీ నిటారుగా కాకుండా నేలను రాసుకుంటూ పడుతుంది. అట్లా పడితే గుంట గుండ్రంగా రాదు, సాగి ఉంటుంది. మీ జియాలజిస్టు కక్ష్యలోంచి తీసిన ఫోటోల్లో ఏం చూస్తుంది? భూమధ్యరేఖ పొడుగునా, ఒకే గీత మీద, అన్నీ తూర్పుపడమరగా సాగిన కొత్త గుంటలు. ఉల్కలు అట్లా వరసలో పడవు. "ఇవి పైనుంచి వచ్చినవి కావు, ఎవరో కిందనుంచి విసిరినవి" అని ఆమె అన్న క్షణం మీ మూడో అధ్యాయం మొదలవుతుంది. మబ్బు అక్కర్లేదు.

నౌకకు తగిలితే ఏమవుతుందో లెక్క వేసి పెట్టుకోండి, కథలో అంకె చెప్పకపోయినా మీకు తెలియాలి. నౌక ధ్రువాల మీదుగా తిరుగుతోందనుకుంటే, అది పోయేది ఉత్తర దక్షిణాలు, ముద్ద వచ్చేది పడమటి నుంచి. రెండూ అడ్డంగా కలిసే వేగం సెకనుకు 5 కిలోమీటర్లు. ఒక్క కిలో రాయి ఆ వేగంతో తగిలితే 1 కోటి 25 లక్షల జౌళ్ళు, దాదాపు మూడు కిలోల టీఎన్‌టీ పేలుడు మందు పేలినట్టు. అదీ సూటిగా తగిలితే. ఎప్పుడో చెడిపోయిన వాళ్ళ పాత ఉపగ్రహాలకు తగిలి, వాటి ముక్కలు కక్ష్యలో చెల్లాచెదురైతే అది వేరే గొడవ. నాసా శాస్త్రవేత్త డొనాల్డ్ కెస్లర్ 1978లో ఈ గొలుసు ప్రమాదం గురించి రాసినప్పుడు లెక్కల మాటే. 2009 ఫిబ్రవరి 10న మన భూమి మీద దాదాపు 790 కిలోమీటర్ల ఎత్తులో ఇరిడియం-33, కాస్మోస్-2251 ఉపగ్రహాలు నిజంగానే గుద్దుకుని రెండువేలకు పైగా పెద్ద ముక్కలు మిగిల్చాయి. ఆ ఎత్తులో అవి దశాబ్దాలు తిరుగుతాయి. 2019 మార్చి 27న మనవాళ్ళు మిషన్ శక్తిలో ఉపగ్రహాన్ని కొట్టినప్పుడు 300 కిలోమీటర్లకు తక్కువ ఎత్తు ఎంచుకున్నది అందుకే. అక్కడ మిగిలిన పలచని గాలే చాలా ముక్కల్ని త్వరగా కిందికి లాగేస్తుంది. గాలి దాదాపు లేని గ్రహమైతే ఆ ఊడ్చేవాళ్ళు ఉండరు. మీ నౌక మొదటి చుట్టులోనే బయటి పలకకు "టక్" మని ఒక చిన్న చప్పుడు పెట్టండి. ఎవరూ పట్టించుకోరు. రెండో చుట్టులో ఇంకోటి.

విసిరే యంత్రం టైము ప్రకారం విసిరితే సిబ్బందికి పెద్ద ఇబ్బంది ఉండదు, లెక్క వేసుకుని తప్పుకుంటారు. మూడువందల ఏళ్ళ యంత్రం కదా, విడిభాగాలు అయిపోవస్తున్నాయి. కొన్ని అయస్కాంతాలు పనిచేయవు, వేగం ఒక్కోసారి తగ్గుతుంది. ఒకప్పుడు నాలుగు గంటలకోసారి పోయే లోడు ఇప్పుడు మూడున్నరకో, అయిదుకో పోతుంది. ఒక్కోసారి రెండు వెంటవెంటనే. నిజమైన టెన్షన్ ఇక్కడ వస్తుంది. మీ సిబ్బందిలో మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర పెరిగిన కుర్రాడు ఉన్నాడు కదా, వాణ్ణి రెండు అధ్యాయాలు టీ పెట్టడానికే వాడుకున్నారు. ఈ పని వాడికివ్వండి. బ్లాస్టింగు టైము, లారీల వరస, మధ్యలో బెల్టు ఆగితే ఏమవుతుంది, ఇవన్నీ చిన్నప్పటినుంచి చూసినవాడు. లోడు ఆలస్యమైందంటే వెనక లోడ్లు జమ అవుతున్నాయని వాడే కనిపెట్టాలి, కంప్యూటరు కనిపెట్టకూడదు.

"యంత్రం ఇంకా నడుస్తోందని కింద దిగినవాళ్ళకు ఎట్లా తెలుస్తుంది" అని మీరు అడగవచ్చు. దీనికి జ్వాలాపురం చూడండి. బనగానపల్లె వైపు, జుర్రేరు లోయలో ఉంది. దాదాపు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చిన బూడిద అక్కడ పొరగా నిలిచింది. జనం బూడిద తవ్విన గుంటల గోడల్లో తెల్లగా కనిపిస్తుంది. ఇంత తీసుకుని వేళ్ళ మధ్య రాస్తే మెత్తగా జారిపోతుంది. అదే లెన్స్ కింద పెడితే అంతా అంచులు తేలిన గాజు పెంకులు. ఆ పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. పైవీ కిందవీ ఒకే తరహాలో ఉన్నాయని, అంటే అంత పేలుడు తర్వాత కూడా మనుషులు అక్కడ బతికారని 2007లో తవ్వినవాళ్ళు వాదించారు. కాదన్నవాళ్ళూ ఉన్నారు. ఎవరు గెలిచారన్నది అటుంచండి, పద్ధతి చూడండి. ఏది కింద, ఏది పైన, అంతే. దీనికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

మీ జియాలజిస్టు దిగగానే గోడ మీద చెయ్యి పెట్టి "పదివేల ఏళ్ళు" అనేసింది. అట్లా ఏ జియాలజిస్టూ అనదు. ఆమె చేత పార పట్టించి కందకం తవ్వించండి. అడుగున నగరం నేల. దాని మీద కూలిన కప్పు పెంకులు. వాటి మీద, శుభ్రంగా పరుచుకుని, గని మట్టి. ఊరు కూలాక ఆ మట్టి పడింది. అంటే ఊరు పోయాక కూడా గని నడిచింది. పైపొర మీద ఎండకు ఇంకా రంగు మారలేదంటే ఇప్పటికీ నడుస్తోంది. ఇదంతా సగం పేజీ. ఆమె వెనక్కి తిరిగి హెల్మెట్‌లోంచి పట్టా వైపు చూస్తుంది.

ఇప్పుడు బావిలో రెండోవాడి దగ్గరికి వద్దాం. దిగడం సులభం, ఎక్కడమే కష్టం. మార్స్ అంత గ్రహం మీంచి తక్కువ ఎత్తు కక్ష్యకు చేరాలంటే సెకనుకు 4 కిలోమీటర్ల చిల్లర వేగం కావాలి. చిన్న దిగుడునౌకలో ఆ ఇంధనం లెక్కకు సరిగ్గా ఉంటుంది. పైనున్న కెప్టెన్ ముందు రెండే దారులు. నౌకను ఎత్తయిన కక్ష్యకు తీసుకుపోతే ముద్దల దారి తప్పుతుంది, కానీ కిందివాళ్ళు అంత ఎత్తు ఎక్కలేరు. అక్కడే ఉంటే గని మీదుగా పోయే ప్రతిసారీ లాటరీ. కిందివాళ్ళకూ రెండే దారులు. వెంటనే ఎక్కడం, లేదా నడుచుకుంటూ పోయి ఆ పట్టాకు కరెంటు తెంపడం. పవర్‌హౌస్ ఉన్నది గాలి ఆగిపోయిన ఆ సొరంగాల అడుగున. మొదట పోయినవాడు పలకకపోతే రెండోవాణ్ణి పంపాలా? మీ డాక్టరమ్మ వద్దంటుంది. మిగతావాళ్ళు ఆమెను తిడతారు. ఈ ఒక్క సన్నివేశం కోసం ఎన్ని పేజీలైనా ఖర్చు పెట్టండి.

ఇంటికి ఫోన్ చేసి అడిగే వీలు లేదని కూడా గుర్తుండాలి. మనకు సూర్యుడి తర్వాత దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా, 4.24 కాంతి సంవత్సరాలు. అక్కణ్ణుంచి "ఏం చేయమంటారు సార్" అని అడిగితే జవాబు ఎనిమిదిన్నర ఏళ్ళకు వస్తుంది. మీరు రెండో అధ్యాయంలో కంట్రోల్ రూముతో మాట్లాడించారు, తీసేయండి.

తిరిగి ఎక్కినవాళ్ళను లోపలికి రానివ్వడం ఇంకో గండం. మీరు దాన్ని అర పేజీలో తేల్చేశారు. 1969లో అపోలో-11 మనుషుల్ని చంద్రుడి మీంచి వచ్చాక ఆగస్టు 10 దాకా విడిగా పెట్టారు, మొత్తం 21 రోజుల లెక్క. అపోలో-14 తర్వాత ఆ నియమం ఎత్తేశారు. అంత కట్టుదిట్టంలోనూ ఒక బొక్క ఉంది. సముద్రంలో పడ్డాక క్యాప్సూల్ తలుపు అక్కడే తెరవాల్సి వచ్చింది, లోపలి గాలి బయటికి పోయింది. వేడి, అలలు, లోపల ముగ్గురు మనుషులు, ఎన్నాళ్ళు మూసి ఉంచుతారు? 1967 అంతరిక్ష ఒప్పందం తొమ్మిదో అధికరణంలో ఇతర లోకాల పదార్థంతో భూమికి హాని రాకూడదని రాసుకున్నారు. కాగితం మీద గట్టిగానే ఉంది, తలుపు దగ్గర నిలబడ్డ మనిషి దగ్గరే ఊడిపోతుంది.

సూక్ష్మజీవి ఎందుకు, దుమ్ము చాలు. 1972 డిసెంబరులో అపోలో-17లో చంద్రుడి మీదికి పోయిన హారిసన్ ష్మిట్ మా జాతివాడే, జియాలజిస్టు. లోపలికి వచ్చి సూట్లు విప్పగానే ముక్కు దిబ్బడ వేసింది. కాలిన తుపాకి మందు వాసన అని చెప్పుకున్నారు. చంద్రుడి మీద గాలి, నీళ్ళు లేవు, కాబట్టి రేణువుల అంచులు అరగవు. సూట్ల పొరల్ని కోసేస్తాయి, కీళ్ళలో ఇరుక్కుంటాయి. మీ గ్రహం మీద రోజూ కొత్తగా పగులుతున్న గని దుమ్ము ఉంది. మార్స్ మట్టిలాగా పెర్‌క్లోరేట్లనే లవణాలు ఉన్నాయని కూడా పెట్టొచ్చు, మార్స్ మీద దిగిన ఫీనిక్స్ నౌక 2008లో కనిపెట్టింది, థైరాయిడ్‌కు చేటు. డాక్టరమ్మ ఎయిర్‌లాక్ (నౌక లోపలికి వచ్చే రెండు తలుపుల గది) దగ్గర నిలబడి సూట్లు బయటే వదిలేయమంటుంది. ఒకడి సూటు మోకాలి దగ్గర చిరిగి ఉంది, విప్పాలంటే లోపలే విప్పాలి. ఇంక మీరే రాసుకోండి.

మీ మబ్బు మీద మీకు ప్రేమ ఉన్నట్టుంది. పూర్తిగా తీసేయనక్కర్లేదు. మొదటి అధ్యాయంలో, సాయంత్రపు వాలు వెలుతుర్లో, గని వైపు నల్లటి తెర ఒకటి లేచి పడిపోయినట్టు ఒకరికి కనిపించనివ్వండి. మార్స్ మీదున్నంత గాలి మిగిలినా దుమ్ము తేలుతుంది, కాబట్టి మీ గ్రహం మీద గాలి దాదాపు అంతా పోయిందని పెట్టుకోండి. గాలి లేని చోట దుమ్ము మబ్బులా తేలదు, ప్రతి రేణువూ విసిరిన రాయిలా వంపు తిరిగి నేల మీద పడుతుంది. అపోలో వాహనం చక్రాల వెనక దుమ్ము అట్లాగే పడింది, వీడియోలు చూడండి. "మబ్బయితే అంత తొందరగా ఎందుకు పడింది" అని ఎవరో ఒకరు గొణగాలి. దానికి జవాబు అయిదో అధ్యాయంలో దొరకాలి.

యాస గురించి. తప్పకుండా వాడండి, కానీ మాటల్లోనే. కథనం మామూలు తెలుగులో ఉంచండి. అందరి చేతా ఒకే సీమ యాస మాట్లాడించారు, అది కుదరదు. కడప కుర్రాడు "వచ్చాండాది" అంటే అనంతపురం పైలట్ "ఏమప్పా" అనాలి. కర్నూలు కెప్టెన్ కాస్త బడిభాష కలిపి మాట్లాడతాడు, పెద్దరికం కదా. కష్టకాలంలో మాటలు చిన్నవైపోతాయి. ఉదాహరణకు:

"అన్నా, ఇంగోటి వచ్చాండాది."

"ఎంతసేపుంది?"

"పదకొండు నిమిషాలు."

"దిగినోళ్ళు?"

"ఇంకా లోపలే ఉండారు."

"ఏమప్పా, ఇంజన్ వేసేదా వద్దా? చెప్పప్పా!"

ఇంతకంటే పొడుగు ఉపన్యాసాలు ఆ సమయంలో ఎవరూ ఇవ్వరు. మీ కెప్టెన్ ఒక పేజీన్నర మాట్లాడాడు, రెండు ముద్దలు దాటిపోయేవి.

చివరగా ఒక దిద్దుబాటు. ఆరో పేజీలో నౌక గ్రహాన్ని నలభై నిమిషాలకోసారి చుట్టివస్తుందని రాశారు. మార్స్ లాంటి గ్రహానికి, తక్కువ ఎత్తులో, రెండు గంటలకు కాస్త తక్కువ పడుతుంది. ఇంజన్ వేయకుండా నలభై నిమిషాల్లో చుట్టి రావాలంటే గ్రహం మొత్తం ఆస్మియం అనే అతి బరువైన లోహంకంటే బరువైన పదార్థంతో చేసి ఉండాలి. అట్లాంటి రాయి నేనెక్కడా చూడలేదు. దాన్ని 115 నిమిషాలుగా మార్చి, గుంటల వరస పెట్టి మూడో అధ్యాయం మళ్ళీ రాసి ఇక్కడే పెట్టండి, చూస్తాను.